సముద్రపు గాలిలో పెరటి ద్రాక్ష: కాయ పెరగాలంటే ఏం చేయాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల, పాతనగరం నుంచి జాలరిపేట దాకా, పెరడు అనగానే పెద్ద జాగా ఊహించుకోకూడదు. మెట్ల పక్కన కాస్త మట్టి, డాబా మీద ఒక డ్రమ్ము, గోడవారగా నాలుగు కర్రలు. అంత తక్కువ చోటులోనే నీడనూ పండునూ ఇచ్చే తీగ కాబట్టి ద్రాక్ష అంటే చాలామందికి ఇష్టం. నాటిన ఏడాదిలోపే అది పందిరెక్కుతుంది. ఆ తర్వాతే అసలు చిక్కు మొదలవుతుంది. కొన్ని ఇళ్లలో ఆకు తప్ప పూత ఉండదు. కొన్ని ఇళ్లలో గుత్తులు వేలాడతాయి కానీ కాయ బఠానీ గింజను దాటదు, పులుపు విడవదు. ఇంకొన్ని చోట్ల పండబోయే ముందు వాన పడి గుత్తంతా కుళ్లిపోతుంది.

దీనికి వినిపించే సలహాలు చాలా ఉన్నాయి. ఎరువు పెంచమంటారు ఒకరు, హార్మోన్‌లో ముంచమంటారు ఇంకొకరు, రకం మార్చమంటారు మరొకరు, ఈ ఉప్పుగాలికి ద్రాక్ష రాదని తేల్చేస్తారు వేరొకరు. వీటిలో ఏది ఎంతవరకు నిజమో ఒక్కొక్కటిగా చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ తీరంలో కాయ సైజునూ తీపినీ నిర్ణయించేవి ప్రధానంగా మూడు: కత్తిరించే తేదీ, తీగ మీద ఉంచే గుత్తుల లెక్క, నీటిలోని ఉప్పు. మిగతావన్నీ వీటి తర్వాతే.

పెరటి నుంచి పొలానికి

తెలుగువారి ద్రాక్ష చరిత్ర పెరటి నుంచే మొదలైంది. దశాబ్దాల పాటు హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో నాటినట్టు ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఇంటి తోటలో నిలదొక్కుకున్న ఆ తీగే తర్వాత నగరం చుట్టూ పందిళ్లు పరుచుకుంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. కాలక్రమంలో నగరం పెరిగి, భూముల ధరలు పెరిగి, నీరు తగ్గి ఆ తోటలు చాలావరకు కనుమరుగయ్యాయి. పందిరి మీద ద్రాక్ష పండించే విద్య మాత్రం మనది.

ప్రపంచంలో అందరికీ తెలిసిన ఇంటి తీగ ఇంగ్లండులో ఉంది. హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో 1768లో నాటిన గ్రేట్ వైన్ ఇప్పటికీ కాస్తోంది. ఒక్క తీగే ఏటా సగటున 270 కిలోల పండ్లు ఇస్తుంది. అది బ్లాక్ హాంబర్గ్ రకం. అదే రకాన్ని మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియాతో కలపగా పుట్టింది మస్కట్ హాంబర్గ్. మన మార్కెట్లలో దాని పేరు గులాబీ ద్రాక్ష, తమిళనాట పన్నీరు ద్రాక్ష. అక్కడి కంబం లోయలో పండే ఈ పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చలిదేశపు అద్దాల గదిలో ఉన్న తీగ బంధువు దక్షిణాది ఎండలో పండుతోందంటే, ద్రాక్షకు వాతావరణం కన్నా దాన్ని చూసుకునే పద్ధతే ముఖ్యమని అర్థం.

కాయ లోపల జరిగేది

ద్రాక్ష కాయ మూడు దశల్లో పెరుగుతుంది. పూత రాలి పిందె కట్టాక మొదటి మూడు నాలుగు వారాల్లో కణాలు విభజన చెందుతాయి. ఆ పండు ఎంత పెద్దదవగలదో అప్పుడే దాదాపు తేలిపోతుంది. రెండో దశలో పెరుగుదల మందగిస్తుంది, గింజ గట్టిపడుతుంది. మూడో దశలో రంగు తిరుగుతుంది, కాయ మెత్తబడుతుంది, నీరూ చక్కెరా చేరి ఉబ్బుతుంది. కోసిన తర్వాత ద్రాక్ష మగ్గదు. తీగ మీద ఎంత తీపి ఎక్కిందో అంతే.

కాయ చిన్నదైందని పండే ముందు ఎరువు కుమ్మరించడం వల్ల పెద్దగా ఫలితం ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది. అప్పటికి కణాల సంఖ్య ఖరారైపోయి ఉంటుంది. చేయవలసిన పనంతా పూతకు ముందూ, పిందె దశలోనూ ఉంది. ఇంకా లోతుకు వెళితే దానికి ఆరేడు నెలల ముందే, మొగ్గ లోపల గుత్తి రూపుకట్టే రోజుల్లో ఉంది.

రెండు కత్తిరింపులు, రెండు తేదీలు

చలిదేశాల్లో ద్రాక్ష శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర దానికి ఆ నిద్ర లేదు. కత్తెర పడకపోతే కొనల్లో పెరుగుతూనే ఉంటుంది, కింది మొగ్గలు మేలుకోవు. పందిరి నిండా ఆకు ఉండి పూత లేని ఇళ్లలో చాలావాటి కథ ఇదే.

అందుకే దక్కన్‌లో రెండు కత్తిరింపులు, ఒక కాపు అనే పద్ధతి స్థిరపడింది. ఏప్రిల్‌లో వేసవి కత్తిరింపు. కాసిన కొమ్మలన్నిటినీ ఒకటి రెండు కన్నులకు తగ్గిస్తారు. కొత్త కొమ్మలు వస్తాయి. కత్తిరించిన 40 నుంచి 60 రోజుల మధ్య ఆ కొమ్మల మొగ్గల్లో రాబోయే గుత్తులు రూపుకడతాయి. ఆ రోజుల్లో కొమ్మ మీద నేరుగా ఎండ పడాలి. గుబురుగా వదిలేస్తే నీడలో ఉన్న మొగ్గలు గుత్తికి బదులు నులితీగ వేస్తాయి. అక్టోబరులో రెండోది, కాపు కత్తిరింపు. దానితో గుత్తులు బయటికి వస్తాయి.

ఈ పద్ధతిని ఉన్నదున్నట్టుగా విశాఖకు తేవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. వేసవి కత్తిరింపు వరకు ఇబ్బంది లేదు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది, మొత్తం 61 రోజులు. మొగ్గలో గుత్తి రూపుకట్టే గడువు సరిగ్గా అందులో ఇమిడిపోతుంది. బోట్లు జెట్టీకి కట్టేసే వేళకు కత్తెర పడితే, వేట మళ్లీ మొదలయ్యే నాటికి, నైరుతి మేఘాలు కమ్మకముందే మొగ్గలు సిద్ధమవుతాయి. హార్బర్ దగ్గర ఉండేవారికి ఇంతకంటే మరిచిపోలేని గుర్తు ఉండదు.

కాపు కత్తిరింపు తేదీ మాత్రం మారాలి. విశాఖలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని అతలాకుతలం చేసింది. అక్టోబరు మొదట్లో కత్తిరిస్తే లేత చిగురు, పూత రెండూ తుపానుల రోజుల్లో పడతాయి. తీరానికి దూరంగా ఉన్న రైతులకు ఆలస్యం చేయడానికి ఒక భయం ఉంది. చలి ముదిరితే మొగ్గలు సరిగా పగలవు. సముద్రం పక్కన ఆ భయం తక్కువ, ఇక్కడి చలి మెత్తన. కాబట్టి నవంబరు చివరి వారం, డిసెంబరు మొదటి వారం మధ్య కత్తిరించడం మేలు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర ఉత్సవాలు దాదాపు అప్పుడే వస్తాయి. గులాబీ రకానికి నాలుగు కన్నులు, బెంగళూరు బ్లూకు రెండు కన్నులు ఉంచి కోయాలి. బక్క కొమ్మలను ఒకటి రెండు కన్నులకే తగ్గించాలి, అవి ఈ ఏడు కాయకపోయినా ఫరవాలేదు. ఇలా చేస్తే పూత జనవరి పొడి రోజుల్లో వస్తుంది, పండు మార్చి చివర నుంచి ఉగాది వేళకు అందుతుంది, వేసవి ఉరుములు ముదరకముందే కోత అయిపోతుంది. కోతకూ తదుపరి కత్తిరింపుకూ మధ్య తీగకు రెండు వారాల విశ్రాంతి కూడా దొరుకుతుంది.

గుత్తుల లెక్క

ఇక అందరికీ కష్టమనిపించే పని. కాసిన గుత్తిని చేతులారా తుంచాలంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ పండులోని చక్కెరంతా ఆకు చేసిందే. ఒక గుత్తి నిండుగా పండాలంటే దానికి 12 నుంచి 15 ఆరోగ్యమైన ఆకులు కావాలని తోటల లెక్క. డాబా పందిరి మీద 150 మంచి ఆకులుంటే పది గుత్తులను పోషించగలవు. ముప్పై ఉంచితే ముప్పైకి ముప్పై పుల్లగానే మిగులుతాయి.

అందుకని కొమ్మకు ఒక్క గుత్తే ఉంచాలి. పూతకు ముందే మిగతావి తీసేయాలి. గుత్తి పైన పన్నెండు, పదిహేను ఆకులు వచ్చాక కొన తుంచాలి. పిందె పెసరగింజంత ఉన్నప్పుడు గుత్తి చివరి నాలుగోవంతు కత్తిరించి, లోపలి పిందెలను చిన్న కత్తెరతో పలచన చేయాలి. ఈ పని శనగగింజ సైజు దాటకముందే పూర్తి కావాలి, ఎందుకంటే కణవిభజన గడువు అంతలోనే ముగుస్తుంది.

ఈ పద్ధతిని చివరి మెట్టు దాకా తీసుకెళ్లినవారు జపాన్ రైతులు. ఇషికావా ప్రాంతంలో పండే రూబీ రోమన్ రకం ఆ పేరుతో అమ్ముడుపోవాలంటే ఒక్కో పండు కనీసం 20 గ్రాములు తూగాలి, 18 శాతం తీపి ఉండాలి. 2016లో ఆ రకపు ఒక్క గుత్తి వేలంలో 11 లక్షల యెన్‌లు పలికింది. ఆ పండు వెనక ఉన్నది రకం గొప్పతనంతో పాటు గుత్తిగుత్తినీ చేత్తో పలచన చేసే ఓర్పు. మన పెరట్లో 20 గ్రాముల పండు రాదు. ఆ ఓర్పు మాత్రం ఎవరైనా అలవరచుకోవచ్చు, దానికి ఖర్చు లేదు.

హార్మోన్ మాట

బజారులో దొరికే నిగనిగలాడే గింజలేని పండును చూసి, ఆ సైజు జిబ్బరెల్లిక్ ఆమ్లం వల్లనే వచ్చిందనుకుంటారు. కొంతవరకు నిజమే. వరిపైరును అతిగా పొడుగు సాగించి పడగొట్టే ఒక శిలీంధ్ర తెగులు మీద జపాన్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో బయటపడిన పదార్థమిది. 1926లో వారిలో ఒకరైన కురోసావా ఆ శిలీంధ్రం స్రవించే పదార్థమే కారణమని చూపాడు. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష మీద వాడి ఫలితం చూశారు. నేడు మన దేశంలోనూ గింజలేని ద్రాక్ష తోటల్లో గుత్తులను దీనిలో ముంచడం మామూలే.

కానీ ఇది ఎక్కడ పనిచేస్తుందో తెలియాలి. కాయ పెరగడానికి కావలసిన జిబ్బరెల్లిన్‌ను మామూలుగా గింజే తయారు చేస్తుంది. గింజలేని కాయకు ఆ లోటును బయటి నుంచి పూరిస్తాం. గులాబీ, బెంగళూరు బ్లూ, అనాబ్-ఎ-షాహీ వంటి గింజ రకాలకు ఆ లోటు లేదు, కాబట్టి సైజులో లాభం స్వల్పం. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన, ప్రతిసారీ కాయ దశ చూసి ఇవ్వాల్సిన మందు ఇది. మోతాదు తప్పితే తొడిమ గట్టిపడుతుంది, కాయ రాలుతుంది. సైజు పెంచే మరో మందు ఫోర్‌క్లోర్‌ఫెన్యురాన్ తోలును మందం చేస్తుంది, తీపి ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. కాండం చుట్టూ సన్నటి బెరడు ఉంగరం తీసే గాటు పద్ధతి గింజలేని రకాల్లో కాయను పెంచుతుంది, అయితే లేత తీగను చంపే ప్రమాదమూ ఉంది. ఇంట్లో పిల్లలు తినే నాలుగు గుత్తుల కోసం ఇవేవీ అక్కర్లేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఉప్పు: ఈ తీరపు అసలు శత్రువు

హార్బర్ పక్కన ద్రాక్ష రాదనేవారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. ద్రాక్ష ఉప్పును, ముఖ్యంగా క్లోరైడును, తట్టుకోలేదు. ఆకు అంచులు మాడి లోపలికి ఎండుతూ వస్తే అది తెగులని మందు కొట్టకండి, ముందు నీళ్లు చూడండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) 1985లో సవరించి ప్రచురించిన సాగునీటి ప్రమాణాల ప్రకారం నీటి లవణత మీటరుకు 1 డెసీసీమెన్ వరకు ద్రాక్ష దిగుబడి తగ్గదు. 1.7 దగ్గర పదో వంతు, 2.7 దగ్గర నాలుగో వంతు, 4.5 దగ్గర సగం పోతుంది. ఇంటి టీడీఎస్ మీటరు లెక్కలో 1 డెసీసీమెన్ అంటే సుమారు 640. సముద్రానికి దగ్గరున్న బోర్లలో అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ నీరు పోయకూడదు. కుళాయి నీరు, పట్టి ఉంచుకున్న వాననీరు, ఏసీ నుంచి కారే నీరు వాడుకోవాలి. నీరు పోసినప్పుడల్లా కుండీ అడుగు నుంచి కాస్త బయటికి పోయేలా చూడాలి. పేరుకున్న ఉప్పు అలా కడుక్కుపోతుంది.

గాలి బలంగా వీచిన రోజుల తర్వాత ఆకుల మీద ఉప్పు, ఓడరేవు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజ ధూళి పేరుకుంటాయి. ఉదయాన్నే మంచినీటితో కడగాలి. రాత్రంతా ఆకు తడిగా ఉండకూడదు కాబట్టి సాయంత్రం వద్దు. హార్బర్‌లో దొరికే పాత డ్రమ్ముల్లో నాటేవారు వాటిని చాలాసార్లు కడిగి ఉప్పు పోగొట్టాలి. 200 లీటర్లకు తగ్గని డ్రమ్మైతే వేరుకు చాలినంత చోటు దొరుకుతుంది. మహారాష్ట్రలో ఉప్పు నేలలు, నీటి ఎద్దడి ఎదురైన రైతులు డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీద అంటుకట్టిన ద్రాక్షకు మారారు. కడియం నర్సరీలకో మరెక్కడికో వెళ్లినప్పుడు ఆ అంటు ఉందేమో అడగండి. ఈ తీరానికి అంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

చేప ఎరువు: ఎంత, ఎప్పుడు

మన దగ్గర చేప వ్యర్థాలకు కొదవ లేదు. అవి నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉన్న ఎరువు. చేప ముక్కలూ బెల్లమూ సమానంగా కలిపి, మూతపెట్టి మూడు వారాలు మాగనిచ్చి వడకట్టిన ద్రావణాన్ని లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే వేసవి కత్తిరింపు తర్వాత వచ్చే చిగురుకు మంచి బలం. రెండు జాగ్రత్తలు తప్పవు. ఉప్పు చేపల వ్యర్థాలు, చేపలు కడిగిన ఉప్పునీళ్లు, చేపల ఐసు కరిగిన నీళ్లు తీగ మొదట్లో పోయకూడదు. రెండోది, చేపలో పొటాష్ చాలా తక్కువ. కాయ ఊరడానికీ తీపికీ కావలసింది పొటాషే. పిందె దశ దాటాక చేప ద్రావణం ఆపేసి పొటాష్ ఇవ్వాలి. అందులోనూ చవకగా దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు సగం క్లోరైడే ఉంటుంది. ఉప్పుతో ఇప్పటికే పోరాడుతున్న ఈ నేలకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. నత్రజని ఆఖరిదాకా పోస్తే ఆకు దట్టమవుతుంది, కాయ పులుపు విడవదు, బూజు త్వరగా పడుతుంది. కాయ రంగు తిరిగాక నీరు కూడా తగ్గించాలి.

తెగుళ్లు, పందిరి, పక్షులు

తేమ ఎక్కువైన తీరంలో డౌనీ బూజు తెగులే పెద్ద గండం. ఆకు అడుగున తెల్లటి నూగు, పైన పసుపు మచ్చ దాని గుర్తు. దీనికి నేటికీ నమ్మదగిన మందు బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు కోసుకుపోకుండా రైతులు తోట అంచుల్లో మైలుతుత్తం, సున్నం చల్లేవారు. ఆ తీగలకు బూజు పట్టలేదని వృక్షశాస్త్రవేత్త మిలార్డే గమనించి 1885లో లోకానికి చాటాడు. ఇంటికి లీటరు మందు చాలు. 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం ప్లాస్టిక్ గిన్నెల్లో విడివిడిగా కరిగించి కలపాలి. శుభ్రమైన చాకు ముంచినప్పుడు రాగి పూత అంటితే సున్నం చాలలేదని అర్థం. జూన్ నుంచి నవంబరు వరకు వాన తెరిపి చూసి చల్లుతూ ఆకును కాపాడితేనే మొగ్గలో దాచిన గుత్తి డిసెంబరు దాకా బతుకుతుంది. చలికాలపు పొడి రోజుల్లో వచ్చే బూడిద తెగులుకు నీటిలో కలిపి చల్లే గంధకం సరిపోతుంది. కోత దగ్గరపడ్డాక ఏదీ చల్లకూడదు.

పందిరికి వేసే ఇనుప యాంగిళ్లు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. సరుగుడు కర్రలు, జీఐ తీగ మేలు. పందిరి ఏడడుగుల ఎత్తున, కింద నేల మీద ఎండ మచ్చలు కనిపించేంత పలచగా ఉండాలి. పండు రంగు తిరిగాక గోరింకలు, చిలకలు, ఉడుతలు వస్తాయి. గుత్తికి కాగితం సంచి కడితే చాలు. సన్నకన్ను పాత వల వాడేవారు బిగుతుగా కట్టాలి. వదులు వలలో చిక్కి పక్షులు చచ్చిపోతాయి.

ఏ రకం?

అనాబ్-ఎ-షాహీ పెద్ద పండు, మన పండు. కానీ డౌనీ బూజుకు త్వరగా లొంగుతుంది, పంటకాలం ఎక్కువ. థామ్సన్ సీడ్‌లెస్ హార్మోన్ లేకుండా చిన్నదిగానే మిగులుతుంది. తీరానికి నేను చెప్పేది గులాబీ, లేదా బెంగళూరు బ్లూ. రెండింటికీ డౌనీ భయం ఉంది, కాబట్టి పైన చెప్పిన తేదీ పాటించాల్సిందే. గింజ వద్దనుకుంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క నీలమణిని ప్రయత్నించవచ్చు. అది గింజలేని నల్ల రకం, పక్షికన్ను తెగులును తట్టుకుంటుంది. గులాబీ కాయ స్వతహాగా చిన్నది. దానికి సైజు కన్నా పరిమళం, 18 నుంచి 20 శాతం దాకా వచ్చే తీపి ప్రాణం. రకం హద్దు తెలుసుకుని ఆ హద్దులో నిండుగా పండించడమే పెరటి సేద్యంలో గెలుపు.

తేలిందేమిటి?

ఎరువుతో కాయ పెరుగుతుందన్నది సగం నిజం. హార్మోన్ మాట పెరటి గింజ రకాలకు దాదాపు వర్తించదు. ఉప్పుగాలి మాట నిజమే కానీ నీటిని సరిచూసుకుంటే దాన్ని దాటవచ్చు. ఖర్చు లేనివీ ఫలితం నిలకడగా ఇచ్చేవీ కత్తెర, లెక్క రెండే. మీ ఇంట తీగ ఉండి కాయకపోతే దాన్ని పీకేయకండి. వేట నిషేధం మొదలయ్యే రోజున ధైర్యంగా కత్తెర వేయండి, మార్గశిరంలో రెండోసారి వేయండి, కొమ్మకు ఒక్క గుత్తి ఉంచండి, నీటి ఉప్పు కొలవండి. మొదటి ఏడు పండ్లు తక్కువే వస్తాయి. అయినా ఆ పద్ధతి మాత్రం మానకండి.